హ్యాచ్‌బ్యాక్ కారు వెనుక వైపర్‌ను మొత్తంగా తీసివేయాలి: ఆర్మ్ ఊడడం లేదు, రంధ్రం ఎలా మూయాలి?

వానచినుకు (ప్రశ్న):

నమస్కారం. నా హ్యాచ్‌బ్యాక్ కారుకు పదకొండేళ్లు నిండాయి. దాని వెనుక అద్దం మీది వైపర్ దాదాపు ఏడాది కాలంగా పనిచేయడం లేదు. స్విచ్ వేస్తే డిక్కీ తలుపు లోపల మోటారు సన్నగా మూలిగినట్టు శబ్దం వస్తుంది గాని, పైన ఆర్మ్ మాత్రం వెంట్రుకవాసి కూడా కదలదు. రెండు మూడుసార్లు అలా ప్రయత్నించేసరికి ఫ్యూజు కాలిపోయింది. అదే విలువ గల కొత్త ఫ్యూజు వేస్తే అదీ కాలిపోయింది. అప్పటినుంచి ఆ స్విచ్ జోలికి వెళ్లడం మానేశాను. బ్లేడు రబ్బరు ఎండకు పెళుసుబారి చీలికలు పడింది. కారు కడిగిన ప్రతిసారీ గుడ్డ దానికి తగులుకుంటున్నది. మోటారు ఆగిపోకముందే రబ్బరు కింద చేరిన ఇసుక అద్దం మీద విల్లు ఆకారంలో ఒక సన్నని గీత పెట్టింది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ గీత మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇవన్నీ ఆలోచించి, ఆర్మ్, మోటారు రెండూ తీసివేసి, అక్కడ మిగిలే రంధ్రాన్ని శుభ్రంగా మూసివేయడమే మేలని నిర్ణయించుకున్నాను. పని మొదలుపెట్టాను కూడా. ఆర్మ్ మొదట్లో ఉన్న ప్లాస్టిక్ మూతను పైకెత్తి, దాని కింద ఉన్న నట్‌ను 10 నంబరు గొట్టపు పానాతో విప్పాను. అది సులువుగానే వచ్చింది. కాని ఆర్మ్ మాత్రం స్పిండిల్‌ను (మోటారు నుంచి బయటికి వచ్చి ఆర్మ్‌ను తిప్పే ఇరుసును) వదలడం లేదు. చేతులతో లాగాను, అటూ ఇటూ ఊపాను, చెక్క సుత్తితో మెల్లగా తట్టాను. అతుకు చుట్టూ తెల్లని పొడి పేరుకొని ఉన్నది. చివరికి పెద్ద స్క్రూడ్రైవర్‌ను ఆర్మ్ కింద దూర్చి అద్దం మీద ఆనించి ఎత్తబోతుండగా "టిక్" మని చిన్న శబ్దం వినిపించింది. వెంటనే ఆపేశాను. అద్దానికి ఏమీ కాలేదు గాని, నాకు మాత్రం చెమటలు పట్టాయి.

నా కారులో స్పిండిల్ అద్దం కింది రేకులోంచి కాక, అద్దానికే ఉన్న రంధ్రంలోంచి బయటికి వస్తుంది. అద్దానికి హాని కలగకుండా ఆర్మ్‌ను ఊడదీయడం ఎలాగో, మోటారు తీసివేసిన తరువాత ఆ రంధ్రాన్ని నీళ్లు దిగకుండా ఎలా మూయాలో, విద్యుత్తు వైపు గాని నీళ్ల గొట్టం వైపు గాని నేను గమనించని చిక్కులేవైనా ఉన్నాయేమో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

పాతపానా:

ముందుగా ఆ స్క్రూడ్రైవర్‌ను పెట్టెలో పెట్టి మూత వేయండి. మీరు విన్న శబ్దం బహుశా తెల్లపొడి పగిలిన శబ్దమే అయి ఉంటుంది, అంటే మీకు మేలే జరిగింది. కాని రెండోసారి అదే అదృష్టం ఉంటుందని నమ్మకండి. వెనుక అద్దం సాధారణంగా టెంపర్డ్ అద్దం, అంటే బాగా వేడిచేసి చప్పున చల్లార్చి గట్టిపరచినది. దాని పైపొర ఎప్పుడూ ఒత్తిడిలో, లోపలి పొర ఎప్పుడూ సాగుదలలో ఉంటాయి. మధ్యభాగం మీద అరచేతితో గట్టిగా కొట్టినా తట్టుకునే అద్దం, అంచు దగ్గర గాని రంధ్రం అంచు దగ్గర గాని ఇనుప మొన ఒక్క చోట నొక్కితే మొత్తంగా చిన్న చిన్న గుళ్లలా రాలిపోతుంది. అక్కడ ఒక మూల బీట పడి ఆగిపోవడమనేది ఉండదు. అందుచేత ఈ పనిలో ఒకే ఒక్క నియమం పెట్టుకోండి: ఏ పనిముట్టు బలమూ అద్దం మీద ఆనకూడదు.

ఆర్మ్ ఎందుకు పట్టేసిందో తెలిస్తే పరిష్కారం సులువుగా బోధపడుతుంది. స్పిండిల్ ఉక్కుది. ఆర్మ్ మొదలు ఎక్కువ కార్లలో అల్యూమినియం మిశ్రమంతో పోతపోసినది. స్పిండిల్ కొన పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, దాని చుట్టూ సన్నని నిలువు గాడులు ఉంటాయి. నట్ బిగించినప్పుడు ఆ గాడులు మెత్తని అల్యూమినియంలోకి దిగి పట్టుకుంటాయి. రెండు వేర్వేరు లోహాలు తాకుతున్న చోట ఏళ్ల తరబడి వాననీరు నిలిస్తే అల్యూమినియం తినిపోయి తెల్లని పొడిగా మారుతుంది. ఆ పొడి తాను పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి గాడుల మధ్య మేకు కొట్టినట్టు బిగుసుకుంటుంది. అందుకే నట్ సులువుగా వచ్చినా ఆర్మ్ రాదు.

మీరు చేయవలసిందేమిటంటే, ముందు పాత పళ్లబ్రష్షుతో ఆ పొడినంతా రాలగొట్టి, గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరనివ్వండి. తరువాత తుప్పు వదిలించే పలుచని నూనెను అతుకు మీద కొద్దిగా వేసి కనీసం అరగంట, వీలైతే ఒక రాత్రి వదిలేయండి. ఈ లోగా అద్దం మీద, చుట్టుపక్కల రంగు మీద మందపాటి గుడ్డ పరచండి. ఆ పైన నట్‌ను తిరిగి స్పిండిల్ మీద ఎక్కించండి, కాని బిగించకండి: నట్ పైభాగం, స్పిండిల్ కొన సమానంగా ఉండేంత వరకు చాలు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, తరువాత మర మొన నొక్కినప్పుడు స్పిండిల్ మరలు చితికిపోకుండా కాపాడేది ఇదే.

అప్పుడు బ్యాటరీ టెర్మినళ్లు ఊడదీయడానికి వాడే చిన్న రెండు కాళ్ల పుల్లర్‌ను (పట్టేసిన భాగాన్ని మరతో పైకి లాగే పనిముట్టును), లేదా వైపర్ ఆర్మ్‌ల కోసమే చేసిన పుల్లర్‌ను తీసుకోండి. దాని రెండు కాళ్లు ఆర్మ్ మొదలు కిందికి దూరాలి, మధ్య మర స్పిండిల్ కొన మీద నిలువుగా కూర్చోవాలి. మరను కొద్దికొద్దిగా బిగించండి. బిగుసుకున్న తరువాత ఇంకా తిప్పకుండా కాసేపు ఆగి, ఆర్మ్ మొదలు పక్కల మీద సుత్తి పిడితో రెండు దెబ్బలు వేయండి; మళ్లీ పావు చుట్టు బిగించండి. చాలాసార్లు అది ఠక్కున ఎగిరి వస్తుంది. నట్ ఉన్నందువల్ల ఎక్కడికీ పోదు. అప్పటికీ రాకపోతే జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఆర్మ్ మొదలును వేడిచేయవచ్చు. ఉక్కు కంటే అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక పట్టు సడలుతుంది. మంట మాత్రం వద్దు, మరిగే నీళ్లూ వద్దు. చల్లని అద్దం మీద ఒకే చోట పడిన వేడి ఎంత పని చేస్తుందో ఒకసారి స్వయంగా చూశాను. ఆ కారు నాది కాదు కనుక ఆ కథ ఇక్కడ చెప్పను.

వెనుకసీటు:

పాతపానా గారు ఊడదీసే పద్ధతి చక్కగా చెప్పారు. నేను మాత్రం ఊడదీసి పారేయాలన్న నిర్ణయాన్నే ఒకసారి పునరాలోచించమంటాను.

సెడాన్‌లకు వెనుక వైపర్ అరుదుగా ఉండి, హ్యాచ్‌బ్యాక్‌లకు తరచుగా ఉండడానికి కారణం అలంకారం కాదు. సెడాన్‌లో వెనుక అద్దం ఏటవాలుగా ఉండడం వల్ల గాలి పైకప్పు మీదినుంచి అద్దాన్ని ఒరుసుకుంటూ దిగి, నీటి బొట్లను తనతో తీసుకుపోతుంది. హ్యాచ్‌బ్యాక్‌లో పైకప్పు ఒక్కసారిగా తెగిపోతుంది. గాలి ఆ అంచు దగ్గరే కారును వదిలేస్తుంది, వెనుక భాగంలో తక్కువ పీడనం గల సుడి ఏర్పడుతుంది. చక్రాలు ఎగజిమ్మిన బురదనీటి తుంపర, దుమ్ము ఆ సుడిలో చిక్కి నేరుగా వెనుక అద్దానికి అంటుకుంటాయి. వేగం పెంచితే అద్దం శుభ్రపడుతుందనుకోవడం భ్రమ. తడిరోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ తుంపర కూడా పెరుగుతుంది. వోల్వో 1969లోనే తన 145 ఎస్టేట్ కారుకు (పైకప్పు వెనుకదాకా సాగే రకానికి) వెనుక వైపర్‌ను, నీళ్లు చిమ్మే ఏర్పాటును ఇచ్చింది. ఇటీవలి ఉదాహరణ కావాలంటే, 2021లో వెనుక వైపర్ లేకుండా వచ్చిన హ్యుందాయ్ అయోనిక్ 5కు 2024 నాటి సవరణలో వైపర్‌ను చేర్చారు. లేకపోయినా పరవాలేదనుకున్న చోట మళ్లీ చేర్చారంటే అర్థం చేసుకోవచ్చు.

ఇక మీ మోటారు సంగతి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి, మూలుగుతున్నదంటే మోటారులోని తీగచుట్టలు బతికే ఉన్నాయి. స్పిండిల్ తన గొట్టంలో తుప్పుపట్టి బిగుసుకున్నది. మోటారు తిరగలేక ఎక్కువ కరెంటు లాగుతున్నది. ఫ్యూజు తన ధర్మం తాను నిర్వర్తిస్తున్నది. దీనికి మూలం స్పిండిల్ పైకొన దగ్గర ఉండే చిన్న రబ్బరు వలయం. అది ఎండి గట్టిపడితే నీళ్లు స్పిండిల్ వెంట లోపలికి జారతాయి. మోటారును బయటికి తీసి, గేర్ల పెట్టె మూత విప్పి, స్పిండిల్ మీది చిన్న లాక్ రింగును తీసి, స్పిండిల్‌ను మెల్లగా వెనక్కు కొట్టి బయటికి రప్పించండి. నున్నని ఎమరీ కాగితంతో తుప్పును తుడిచి, నీళ్లకు కరగని గ్రీజు పూసి, కొత్త రబ్బరు వలయం వేసి కూర్చితే ఎక్కువ సందర్భాల్లో మోటారు తిరిగి పనిచేస్తుంది. ఎలాగూ మీరు దాన్ని బయటికి తీయబోతున్నారు. అలాంటప్పుడు ఈ మరో గంట శ్రమ చేసి చూడడంలో నష్టమేమీ లేదు.

తీసివేస్తే ఇంధనం ఆదా అవుతుందని కొందరు అంటారు. అది నిజం కాదు. ఆర్మ్ ఉన్నది గాలి అప్పటికే వదిలేసిన సుడిలో కనుక దాని వల్ల కలిగే నిరోధం లెక్కలోకి రాదు. మోటారు, ఆర్మ్ కలిపి తగ్గే బరువు కిలో అటూ ఇటూగా ఉంటుంది.

వానచినుకు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రంతా నూనె వేసి ఉంచి, ఉదయం పుల్లర్ తగిలించాను. మూడో పావు చుట్టుకు ఆర్మ్ ఎగిరి నట్‌కు తగిలి ఆగింది. పాతపానా గారు చెప్పినట్టు నట్ పెట్టకపోయి ఉంటే అది నా మొహానికే తగిలేది. స్పిండిల్ మరలు, గాడులు క్షేమంగా ఉన్నాయి.

వెనుకసీటు గారి మాటలు చదివాక మోటారును బాగుచేసి చూడాలనే అనిపించింది. డిక్కీ తలుపు లోపలి ప్లాస్టిక్ పలకను తీసి చూస్తే మోటారు మూడు బోల్టులతో బిగించి ఉన్నది, కనెక్టర్ ఒకటే. అయితే గేర్ల పెట్టె మూతకు స్క్రూలు లేవు, రివెట్లు కొట్టి ఉన్నాయి. పైగా ఆ మూత అంచు వెంట తుప్పునీళ్లు కారిన చారలు ఉన్నాయి. ఊపితే లోపల నీళ్లు కదిలిన శబ్దం వస్తున్నది. ఈ స్థితిలో దాని మీద శ్రమ పెట్టడం నాకు సబబుగా తోచలేదు. నేను ఎక్కువగా ఊరి లోపలే, అదీ పగటి పూట నడుపుతాను. రెండు పక్కల అద్దాలతోనే వెనుక చూసుకునే అలవాటు నాకు మొదటినుంచీ ఉన్నది. కాబట్టి మొదటి నిర్ణయానికే కట్టుబడుతున్నాను.

ఇక నీళ్ల గొట్టం విషయం. నా కారులో నీళ్లు చిమ్మే నాజిల్ స్పిండిల్ మధ్యలోనే ఉన్నది. అంటే మోటారు వెనుక భాగానికి ఒక సన్నని రబ్బరు గొట్టం వచ్చి తగులుకొని ఉన్నది. మోటారు తీస్తే ఈ గొట్టాన్ని ఏం చేయాలి? ముడివేసి వదిలేస్తే సరిపోతుందా?

రబ్బరుబుష్:

ముడివేయకండి. ఈ ప్రశ్న మీరు ముందుగా అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఎక్కువమంది ఇది అడగకుండానే పని ముగించి, కొన్ని వారాల తరువాత పైకప్పు గుడ్డ ఎందుకు తడిసిందని అడుగుతారు.

చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో ముందు అద్దానికీ వెనుక అద్దానికీ నీళ్లు పంపే పంపు ఒక్కటే. అది ఒక దిశలో తిరిగితే నీళ్లు ముందుకు పోతాయి, ఎదురు దిశలో తిరిగితే వెనక్కు వస్తాయి. వెనక్కు వచ్చే గొట్టం ఇంజను గది దగ్గర బయలుదేరి, కారు పొడవునా లోపలి పలకల వెనుక నడిచి, సాధారణంగా పైకప్పు గుడ్డ మీదుగా వచ్చి, డిక్కీ తలుపుకూ బాడీకీ మధ్య ఉండే ముడతల రబ్బరు తొడుగులోంచి తలుపులోకి దిగుతుంది. దారిలో రెండు మూడు చోట్ల అతుకులు ఉంటాయి. మీరు చివర ముడివేసినా, మూత బిగించినా, ఎవరైనా పొరపాటున వెనుక నీళ్ల స్విచ్ నొక్కితే పంపు ఒత్తిడి పోయే దారి లేక ఆ అతుకుల్లో బలహీనమైన దాన్ని ఊడదీస్తుంది. అది పైకప్పు గుడ్డ మీద ఉన్న అతుకే అయితే మీ తల మీద వాన కురుస్తుంది. అందుచేత గొట్టాన్ని పంపు దగ్గరే ఆపాలి: నీళ్ల ట్యాంకు కింద పంపుకు ఉన్న రెండు మూతుల్లో వెనక్కు పోయే దాని గొట్టాన్ని ఊడదీసి, ఆ మూతికి బిగుతైన రబ్బరు టోపీ తొడిగి, చిన్న క్లిప్పు వేయండి. ఏ మూతి ఎటు పోతుందో ఊహించకండి. ఎవరినైనా లోపల కూర్చోబెట్టి ఒకసారి ముందు నీళ్ల స్విచ్ నొక్కించి చూస్తే తేలిపోతుంది. ఆ పైన వెనుక చివర గొట్టాన్ని ఒక మరమేకుతో మూసి, వైర్ల కట్టకు కట్టేయండి. అందులో మిగిలిన కొద్ది నీళ్లను ముందే ఊది బయటికి పంపడం మంచిది.

విద్యుత్తు వైపు చిక్కు తక్కువ. ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ తాళాన్ని నొక్కి విడదీయండి. ఫ్యూజు తీసేస్తే చాలు కదా అని కొందరు సలహా ఇస్తారు. కొన్ని కార్లలో అదే ఫ్యూజు మీద నీళ్ల పంపు గాని మరో పరికరం గాని నడుస్తుంది కాబట్టి ఫ్యూజును దాని స్థానంలోనే ఉంచి, కనెక్టర్‌నే విడదీయడం సరైన పద్ధతి. ఆ కనెక్టర్‌లో ఒక పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఉండే అవకాశం ఉన్నది, ఎందుకంటే స్విచ్ ఆపిన తరువాత కూడా ఆర్మ్‌ను తన విశ్రాంతి స్థానానికి చేర్చడానికి మోటారుకు కరెంటు కావాలి. కాబట్టి నోరు మూసుకునేలా గుడ్డ టేపు చుట్టి, నోరు కిందివైపు ఉండేలా వైర్ల కట్టకు కట్టండి. వేలాడనిస్తే ప్రతి గతుకుకూ రేకుకు కొట్టుకొని శబ్దం చేస్తుంది. ముందు వైపర్ ఆడుతుండగా రివర్స్ గేరు వేస్తే వెనుక వైపర్ దానంతట అదే ఆడే ఏర్పాటు ఎన్నో కార్లలో ఉన్నది. కేవలం ఆర్మ్ మాత్రమే తీసి మోటారును వదిలేసినవారికి, స్విచ్ వేయకుండానే లోపల శబ్దం వస్తున్నదేమిటన్న అనుమానం దీనివల్లే వస్తుంది. కనెక్టర్ తీసిన మీకు ఆ బెడద లేదు.

ఇప్పుడు రంధ్రం. మీ కారులో అది అద్దానికి ఉన్నది కనుక దీని మీద కొంచెం ఎక్కువ సేపు నిలవాలి. టెంపరింగ్ చేయకముందే అద్దానికి ఆ రంధ్రం వేస్తారు. తరువాత దాన్ని పెద్దది చేయడం, అంచును రాపిడి పెట్టడం, కాగితంతో రుద్దడం ఏదీ కుదరదు. అద్దం మొత్తం పోతుంది. కాబట్టి రంధ్రానికి తగిన మూతనే వెతకాలి గాని మూతకు తగినట్టు రంధ్రాన్ని మార్చకూడదు. వెర్నియర్‌తో రంధ్రం వ్యాసాన్ని కొలవండి, అద్దం మందాన్నీ కొలవండి. వెనుక అద్దం మందం సాధారణంగా 3 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మూతల్లో రెండు రకాలు ఉంటాయి. మొదటిది నడుము దగ్గర గాడి ఉన్న రబ్బరు బిళ్ల. దాన్ని నొక్కితే అంచు ఆ గాడిలో కూర్చుంటుంది. ఇది చవక, సులువు, కాని ఎండకు రెండు మూడేళ్లలో గట్టిపడవచ్చు. రెండోది పైన గుండ్రని మూత, లోపల నట్‌తో బిగించే రకం. ఇది చూడడానికి అందంగా ఉంటుంది. ఇందులో లోహం అద్దాన్ని ఎక్కడా తాకకూడదు: పైన ఒక రబ్బరు వాషర్, లోపల ఒక రబ్బరు వాషర్, రంధ్రం గోడకూ బోల్టుకూ మధ్య రబ్బరు గొట్టపు ముక్క ఉండి తీరాలి. నట్‌ను చేతి వేళ్లతో బిగించి, ఆ తరువాత పానాతో అర చుట్టుకు మించి తిప్పకండి. రబ్బరు పక్కలకు కొద్దిగా ఉబ్బితే చాలు. వదులవుతుందన్న భయం ఉంటే నైలాన్ వలయం ఉన్న నట్ వాడండి, బలం వాడకండి.

మూత కింద సిలికాన్ సీలెంట్‌ను పలుచగా పూయడం మంచిదే. అయితే వెనిగర్ వాసన వచ్చే రకాన్ని కారు దగ్గరికి రానివ్వకండి. అది గట్టిపడేటప్పుడు వెలువడే ఆమ్లం రేకును, వైర్ల కొనలను తినేస్తుంది. ఆమ్లం వెలువడని తటస్థ రకం అని డబ్బా మీద రాసి ఉన్నదే తీసుకోండి. అది గాలిలోని తేమతో పైనుంచి లోపలికి గట్టిపడుతుంది, కనుక కనీసం ఒక రోజు పాటు నీళ్లు తగలనివ్వకండి.

పాతపానా:

రబ్బరుబుష్ గారి మాటల్లో ఒక్క విషయంతో నేను ఏకీభవించను. సీలెంట్ పూస్తే మూత తరువాత సులువుగా రాదు. మరో యజమాని చేతికి పోయినప్పుడు గాని, మీరే మనసు మార్చుకున్నప్పుడు గాని, ఆ మూతను ఊడదీయడానికి మళ్లీ ఎవరో ఒకరు అద్దం మీద స్క్రూడ్రైవర్ ఆనిస్తారు. రెండు వాషర్లు మంచివైతే, రంధ్రం అంచు శుభ్రంగా ఉంటే, సీలెంట్ అవసరమే లేదు. మొదట పొడిగా బిగించి నీళ్ల పరీక్ష చేయండి. కారితేనే సీలెంట్ సంగతి ఆలోచించండి.

లోపలి పలకను తిరిగి బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. అద్దం లోపలి వైపున మంచు కరిగించే సన్నని గీతలు ఉంటాయి. వాటికి కరెంటు అందించే రేకు నాలుకలు అద్దం రెండు పక్కల అంచుల్లో అతికి ఉంటాయి. పలక వాటికి తగిలితే ఊడిపోతాయి, మళ్లీ అతికించడం పెద్ద తంటా. రెండోది, పలకను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పుల్లో రెండు మూడు విరగడం మామూలే. విరిగిన వాటితోనే సరిపెట్టుకుంటే వైపర్ పీడ పోయి గడగడల పీడ పట్టుకుంటుంది.

వానచినుకు:

పని పూర్తయింది. ఏం జరిగిందో రాస్తున్నాను, ఇదే పని తలపెట్టిన మరొకరికి ఉపయోగపడవచ్చు.

మోటారు మూడు బోల్టులు విప్పాక కూడా బయటికి రాలేదు. స్పిండిల్ చుట్టూ ఉన్న రబ్బరు బుష్ అద్దానికి అతుక్కుపోయి ఉన్నది. సబ్బునీళ్లు పోసి, ప్లాస్టిక్ కార్డును చుట్టూ తిప్పి విడదీశాను, పావుగంట పట్టింది. నీళ్ల గొట్టాన్ని పంపు దగ్గరే ఆపాను. నా ఊహ ప్రకారం కుడివైపు మూతి వెనక్కు పోయేది, పరీక్షిస్తే ఎడమదని తేలింది. పరీక్షించకుండా టోపీ తొడిగి ఉంటే ముందు అద్దానికి నీళ్లు అందకుండా పోయేవి.

మూత విషయంలో పాతపానా గారి మాటే మొదట విన్నాను. రెండు రబ్బరు వాషర్లతో పొడిగా బిగించి, లోపల రంధ్రం చుట్టూ పలుచని కాగితం అంటించి, గొట్టంతో సన్నని ధారగా పది నిమిషాలు నీళ్లు పోశాను. కాగితం కింది అంచు తడిసింది. విప్పి చూస్తే, పాత బుష్ తాలూకు నల్లని రబ్బరు పొర అద్దానికి కింది సగంలో ఇంకా అంటుకొని ఉన్నది, వాషర్ దాని మీద ఎగుడుదిగుడుగా కూర్చున్నది. గోరుతోనూ సబ్బునీళ్లతోనూ ఆ పొరను పూర్తిగా వదిలించి, ఆరబెట్టి, మళ్లీ బిగించాను. రెండోసారి కాగితం పొడిగానే ఉన్నది. సీలెంట్ డబ్బా తెరవలేదు. రబ్బరుబుష్ గారు ఏమీ అనుకోరని ఆశిస్తున్నాను.

ఒక చిన్న పొరపాటు కూడా జరిగింది. పలక మూసేశాక డిక్కీ పైభాగంలోని బ్రేకు దీపం వెలగలేదు. వైర్ల కట్టకు వైపర్ కనెక్టర్‌ను కట్టే హడావిడిలో ఆ దీపం కనెక్టర్‌ను లాగేశాను. పలక మళ్లీ తీయవలసి వచ్చింది, అప్పుడే రెండు క్లిప్పులు విరిగాయి. కాబట్టి పలక మూసేముందే డిక్కీలోని దీపాలన్నీ, తాళం, కెమెరా ఉంటే అది కూడా ఒకసారి వేసి చూసుకోండి.

వీటి అవసరం మళ్లీ ఎప్పుడైనా రావచ్చునని ఆర్మ్‌ను, మోటారును, స్పిండిల్ మీదే నట్ బిగించి, పాత బుష్‌తో సహా ఒక సంచిలో కట్టి స్టెప్నీ పక్కన ఉంచాను.

వెనుకసీటు:

సంచిలో పెట్టేముందు మోటారులోని నీళ్లు వంచేశారు కదా?

వానచినుకు:

వంచలేదు. ఇప్పుడే వెళ్లి స్టెప్నీ కింద చూశాను, గుడ్డ తడిసి ఉన్నది. తుడిచి, సంచిని ఎండలో పెట్టాను.